ప్రెజెంట్ పార్టిసిపుల్: సొంత కాలం లేదు, సొంత కర్తా లేడు

ఇంగ్లిష్ క్రియ చివర ఐఎన్‌జీ చేరిందంటే అది ‘ఇప్పుడు జరుగుతున్న పని’ అని బడిలో నేర్పుతారు. ‘షి ఈజ్ సింగింగ్’ అంటే ఆమె పాడుతోంది. ఇంతవరకు చిక్కు లేదు. అదే విద్యార్థి ఇంగ్లిష్ పేపరు తెరిస్తే ‘ద బస్ ఫెల్ ఇంటూ ఎ వ్యాలీ, కిల్లింగ్ సిక్స్’ అని ఉంటుంది. ఆ ప్రమాదం నిన్ననే జరిగిపోయింది. ‘ఎనీవన్ పార్కింగ్ హియర్ విల్ బి ఫైన్డ్’ అన్న బోర్డు దగ్గర ఇంకా ఎవరూ బండి నిలపనే లేదు. ఒకటి గడిచిన పని, ఇంకొకటి జరగబోయే పని. ఈ ఐఎన్‌జీ రూపం పేరు ప్రెజెంట్ పార్టిసిపుల్. ఆ పేరులో ఉన్న ‘ప్రెజెంట్’ను నమ్ముకుంటే ఈ రెండు వాక్యాలూ అర్థం కావు.

ప్రెజెంట్ పార్టిసిపుల్ విషయంలో గట్టిగా పట్టుకోవలసినవి రెండే. దానికి సొంత కాలం ఉండదు. సొంత కర్త ఉండడు. రెండింటినీ ప్రధాన వాక్యం నుంచే తెచ్చుకుంటుంది. తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. ‘ఏడుస్తూ వచ్చాడు’, ‘ఏడుస్తూ వస్తున్నాడు’, ‘ఏడుస్తూ వస్తాడు’ అన్నప్పుడు ‘ఏడుస్తూ’ మారలేదు, కాలమంతా చివరి క్రియే చెప్పింది. ఏడ్చిందెవరో కూడా చివరి క్రియను బట్టే తెలిసింది. మన వ్యాకరణం శత్రర్థకం అనే ఈ రూపం, ‘హి కేమ్ క్రయింగ్’లోని ‘క్రయింగ్’ చేసే పనే చేస్తోంది. ఇక్కడి నుంచి మొదలుపెడితే సగం దారి ముందే నడిచినట్టు.

మిగతా సగంలోనే చిక్కంతా ఉంది. తెలుగు వేర్వేరు రూపాలతో చెప్పే పనులన్నిటికీ ఇంగ్లిష్ ఒకే ఐఎన్‌జీ వాడుతుంది.

ఒకే రూపం, నాలుగు పనులు

చదువుతున్నాడు, చదువుతూ, చదువుతున్న, చదవడం. తెలుగులో ఈ నాలుగింటినీ ఎవరూ కలగలపరు. ఇంగ్లిష్‌లో నాలుగూ ‘రీడింగే’. ‘హి ఈజ్ రీడింగ్’లో అది ప్రధాన క్రియలో భాగం. ‘హి శాట్ దేర్ రీడింగ్’లో చదువుతూ. ‘ద బాయ్ రీడింగ్ ఎ పేపర్’లో చదువుతున్న. ‘రీడింగ్ ఈజ్ గుడ్’లో చదవడం. మొదటి మూడూ పార్టిసిపుల్ పనులు, నాలుగోది జెరండ్, అంటే నామవాచకంగా నిలబడ్డ క్రియ.

పాత ఇంగ్లిష్‌లో ఈ కలగలుపు లేదు. పార్టిసిపుల్‌కు ‘ఎండె’ అనే ప్రత్యయం ఉండేది, క్రియ నుంచి పుట్టిన నామవాచకానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ ఉండేది. జర్మన్ భాషలో ఈ రెండూ ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో మాత్రం మధ్యయుగంలో ‘ఎండె’ క్రమంగా పోయి, దాని చోటును కూడా ‘ఇంగ్’ ఆక్రమించుకుంది. రూపం ఒకటైనా పనులు ఒకటి కాలేదు. అయితే ఏది జెరండ్, ఏది పార్టిసిపుల్ అని అడుగడుగునా గీత గీయలేం అనేవాళ్ళూ ఉన్నారు. రాడ్నీ హడల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో వెలువరించిన పెద్ద వ్యాకరణంలో రెండింటినీ కలిపి జెరండ్-పార్టిసిపుల్ అనే ఒకే పేరు పెట్టారు. భాషాశాస్త్రానికి అది మంచి నిర్ణయం. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వచ్చేవాళ్ళకు మాత్రం పాత విభజనే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే మన భాషలో ఆ గీత స్పష్టంగా ఉంది.

గుర్తుపట్టడానికి ఒక పరీక్ష చాలు. ఐఎన్‌జీ మాట చోట ‘డం’ రూపం అతికితే జెరండ్, ‘తూ’ గానీ ‘తున్న’ గానీ అతికితే పార్టిసిపుల్. ‘హిజ్ హాబీ ఈజ్ పెయింటింగ్’ అన్నప్పుడు హాబీ బొమ్మలు వేయడం లేదు కదా, బొమ్మలు వేయడమే హాబీ. కనుక జెరండ్. ‘హిజ్ సన్ ఈజ్ పెయింటింగ్’లో కొడుకు బొమ్మ వేస్తున్నాడు, కనుక పార్టిసిపుల్. నామవాచకం ముందు వచ్చే జంట మాటలకూ ఇదే పరీక్ష. ‘స్లీపింగ్ చైల్డ్’ నిద్రపోతున్న బిడ్డ. ‘స్లీపింగ్ పిల్’ నిద్రపోతున్న మాత్ర కాదు, నిద్రకు వేసుకునే మాత్ర. పలకడంలోనూ తేడా వినబడుతుంది. మొదటిదాంట్లో ‘చైల్డ్’ మీద బరువు పడుతుంది, రెండోదాంట్లో ‘స్లీపింగ్’ మీద. వాషింగ్ మెషిన్, వెయిటింగ్ రూమ్, రన్నింగ్ షూస్ అన్నీ రెండో రకమే.

స్పెల్లింగ్ సంగతి త్వరగా ముగించవచ్చు. మాట చివర పలకని ‘ఈ’ (e) అక్షరం ఉంటే అది పోతుంది: మేక్, మేకింగ్. పలికేటప్పుడు చివరి సిలబుల్ (ఒక్క ఊపులో పలికే భాగం) మీద బరువు పడి, అది ఒక అచ్చు, ఒక హల్లుతో ముగిస్తే హల్లు రెండుసార్లు వస్తుంది. అందుకే బిగినింగ్‌లో రెండు ఎన్‌లు, ఓపెనింగ్‌లో ఒక్కటే. లై, డై, టై లాంటి మాటల్లో చివరి ఐ, ఈ పోయి వై వస్తుంది. జుట్టుకు రంగు వేసే ‘డై’ మాత్రం తన ఈని వదులుకోదు, వదులుకుంటే చనిపోవడం అయిపోతుంది. పానిక్, పిక్నిక్ లాంటివి సి తర్వాత ఒక కే కలుపుకుంటాయి. కెన్, మస్ట్, షల్, మే వంటి మోడల్స్ అనే సహాయక క్రియలకు అసలు ఐఎన్‌జీ రూపమే లేదు.

‘తున్నాను’ అన్నచోటల్లా ఐఎన్‌జీ పెట్టకూడదు

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో చూస్తే దిద్దుకోవడం తేలిక. నాకు వినబడుతోంది, కనబడుతోంది, అర్థమవుతోంది, నేను అనుకుంటున్నాను, కోరుకుంటున్నాను. ఇవన్నీ తెలుగులో జరుగుతున్న పనుల రూపంలోనే ఉన్నాయి. వాటిని మాటకు మాట మారిస్తే ‘ఐ యామ్ హియరింగ్ యు’, ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’ వస్తాయి. ఇంగ్లిష్ వీటిని పనులుగా కాక స్థితులుగా చూస్తుంది. స్థితికి మొదలు, నడుమ, చివర అని ఉండవు కాబట్టి ‘బీ’ క్రియతో (యామ్, ఈజ్, ఆర్ లాంటి రూపాలతో) కలిసి ఐఎన్‌జీ రాదు. ‘ఐ కెన్ హియర్ యు’, ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ వాంట్’ అనాలి. అదే క్రియ పనిని చెప్పినప్పుడు అడ్డు లేదు. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ సరైనదే, ఎందుకంటే అక్కడ ‘హ్యావ్’ అంటే తినడం. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ మాత్రం కుదరదు. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’ అభిప్రాయం, ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ ఆలోచించే పని.

ఇక్కడ చాలా పాఠాలు చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. ఈ నిషేధం ‘బీ’తో కలిసినప్పుడే. పార్టిసిపుల్ ఒంటరిగా ఉంటే స్థితి క్రియలకూ ఐఎన్‌జీ చక్కగా వస్తుంది. ‘హి ఈజ్ నోయింగ్ ద వే’ తప్పు. ‘నోయింగ్ ద వే, హి డ్రోవ్ విదవుట్ ఎ మ్యాప్’ ఒప్పు. ‘ద బాక్స్ ఈజ్ కంటైనింగ్ మెడిసిన్స్’ తప్పు. ‘ఎ బాక్స్ కంటైనింగ్ మెడిసిన్స్’ ఒప్పు. అందువల్ల, నామవాచకం తర్వాత వచ్చే పార్టిసిపుల్‌ను ఎప్పుడూ ‘హూ ఈజ్’, ‘విచ్ ఈజ్’ కలిపి విడమర్చమనే సూత్రం పూర్తిగా నిజం కాదు. ‘ఎ బాక్స్ కంటైనింగ్’ అంటే ‘ఎ బాక్స్ విచ్ కంటైన్స్’. ఐఎన్‌జీ ఉన్నంత మాత్రాన పని నడుస్తోందని కాదు, దానికి కాలం లేదు కనుకే ఇది సాధ్యమైంది.

‘బోరింగ్’, ‘ఇంట్రెస్టింగ్’ లాంటివి పూర్తిగా విశేషణాలైపోయిన పార్టిసిపుల్స్. ‘వెరీ’ చేరితే విశేషణమైపోయినట్టే: ‘వెరీ బోరింగ్’ అనవచ్చు, ‘వెరీ స్లీపింగ్’ అనలేం. ఇవి ఆ భావాన్ని కలిగించేదాన్ని చెబుతాయి, ఆ భావం కలిగినవాళ్ళను కాదు. నాకు బోర్ కొడుతోందని చెప్పబోయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటే ఎదుటివాళ్ళకు మనం విసుగు పుట్టిస్తున్నామని అర్థం. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అనడం దీనికి తోబుట్టువే. అక్కడ కావలసింది ‘ఇంట్రెస్టెడ్’.

‘చేసి’కి ఐఎన్‌జీ సరిపోదు

‘ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాడు’ అనే వరుస తెలుగుకు ప్రాణం. ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్ని ‘చేసి’లైనా పేర్చవచ్చు. దాన్ని ‘కమింగ్ హోమ్, ఈటింగ్ రైస్, హి స్లెప్ట్’ అని మారిస్తే వస్తూ, తింటూ పడుకున్నాడన్నంత అయోమయం వస్తుంది. మామూలు ప్రెజెంట్ పార్టిసిపుల్ మొదట చెప్పేది ప్రధాన క్రియతో పాటు నడిచే పనినే. ముందు ముగిసిన పనిని చెప్పాలంటే మూడు దారులున్నాయి. ‘అండ్’తో మామూలు క్రియలు కలపడం: ‘హి కేమ్ హోమ్, ఏట్ అండ్ వెంట్ టు బెడ్’. ‘ఆఫ్టర్’ పెట్టడం: ‘ఆఫ్టర్ ఈటింగ్, హి వెంట్ టు బెడ్’. లేదా ‘హ్యావింగ్’ తర్వాత మూడో రూపం: ‘హ్యావింగ్ ఈటెన్, హి వెంట్ టు బెడ్’. వరుసగా చెప్పే కథనానికి మొదటిదే అన్నిటికన్నా సహజం. ‘హ్యావింగ్’ రూపాన్ని ముందు పని తర్వాతి పనికి కారణమో, అవసరమైన మెట్టో అయినప్పుడు దాచి వాడుకోవడం మేలు.

దీనికి ఒక సడలింపు ఉంది. ముందు పని క్షణంలో అయిపోయి, వెంటనే రెండోది మొదలైతే మామూలు ఐఎన్‌జీ చాలు. ‘ఓపెనింగ్ ద డోర్, హి స్టెప్డ్ ఇన్’ మంచి వాక్యం. తలుపు తీయడానికీ లోపలికి అడుగుపెట్టడానికీ నడుమ ఖాళీ లేదు. ‘కంప్లీటింగ్ హిజ్ డిగ్రీ ఇన్ 2015, హి జాయిన్డ్ ఎ బ్యాంక్ ఇన్ 2017’ నిలవదు. నడుమ రెండేళ్ళుంటే పార్టిసిపుల్ సాగదు, ‘హ్యావింగ్ కంప్లీటెడ్’ కావాలి.

మొదట చెప్పుకున్న బస్సు వాక్యం ఇంకో రకం. ప్రధాన వాక్యం ముగిశాక, కామా తర్వాత వచ్చే పార్టిసిపుల్ ఫలితాన్ని చెబుతుంది. ‘కిల్లింగ్ సిక్స్’ను తీసుకెళ్ళి వాక్యం మొదట పెడితే కారణ, ఫలితాలు తారుమారవుతాయి. ఇక్కడ కర్త కూడా కొంచెం వేరు. ‘ద రెయిన్ స్టాప్డ్, మేకింగ్ ఇట్ ఈజీ టు హార్వెస్ట్’లో కోతను సులువు చేసింది వాన కాదు, వాన ఆగడమనే మొత్తం సంఘటన. ఒంటరి పార్టిసిపుల్ ప్రధాన కర్తను వదిలి మొత్తం వాక్యాన్ని ఆనుకునే అవకాశం ఈ చివరి స్థానంలోనే ఉంటుంది. తెలుగులో ‘దాంతో’ అని కలపగలిగితే ఆ పార్టిసిపుల్ సరిగ్గా ఉన్నట్టు. ఫలితం కాని తర్వాతి సంఘటనను ఇలా తగిలించడం తప్పు: ‘షి స్టడీడ్ ఇన్ వరంగల్, బికమింగ్ ఎ డాక్టర్ ఇన్ 2010’. చదవడం, డాక్టరు కావడం రెండు వేర్వేరు ఘట్టాలు, రెండు క్రియలు పెట్టాలి.

కర్త తప్పిపోయే చోటు

పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమనే ప్రశ్నలకు ఇష్టమైన వాక్యం ఇది: ‘వాకింగ్ ఇన్ ద గార్డెన్, ఎ స్నేక్ బిట్ హిమ్’. ప్రధాన వాక్యం కర్త పాము. పార్టిసిపుల్ ఆ కర్తనే తెచ్చుకుంటుంది కాబట్టి తోటలో నడిచింది పాము అవుతుంది. దీన్నే డాంగ్లింగ్ పార్టిసిపుల్ అంటారు.

దీన్ని పట్టుకోవడానికి తెలుగు చెవిని మించిన సాధనం లేదు. ‘తోటలో నడుస్తూ పాము అతన్ని కరిచింది’ అని తెలుగువాళ్ళెవరూ అనరు. ‘అతను తోటలో నడుస్తుంటే పాము కరిచింది’ అంటారు. రెండు పనులకు కర్త ఒకడే అయితే ‘తూ’, కర్తలు వేరైతే ‘తుంటే’ లేదా ‘తుండగా’. ఈ మార్పు మనం ఆలోచించకుండానే చేస్తాం. ఇంగ్లిష్ రాసేటప్పుడు ఇదే కొలమానం. తెలుగులో ‘తూ’ వస్తే పార్టిసిపుల్ వాడవచ్చు. ‘తుంటే’ వస్తే ‘వైల్’ లేదా ‘యాజ్’ పెట్టి, కర్తను విడిగా చెప్పాలి: ‘వైల్ హి వాజ్ వాకింగ్ ఇన్ ద గార్డెన్, ఎ స్నేక్ బిట్ హిమ్’. లేదా కర్తను మార్చి ‘వాకింగ్ ఇన్ ద గార్డెన్, హి వాజ్ బిటెన్ బై ఎ స్నేక్’ అనాలి.

ఈ కొలమానం పనిచేయని చోట్లు రెండున్నాయి. ఒకటి ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు. ‘నడుస్తుంటే నాకు ఒక పాము కనబడింది’లో తెలుగు కర్త పాము, కాబట్టి ‘తుంటే’ వచ్చింది. ఇంగ్లిష్‌లో ‘ఐ సా ఎ స్నేక్’ అంటాం, కర్త ‘ఐ’. కనుక ‘వాకింగ్ ఇన్ ద గార్డెన్, ఐ సా ఎ స్నేక్’ నిక్షేపంగా ఉంటుంది. రెండోది చూడటం, వినడం, పట్టుకోవడం లాంటి క్రియలు. ‘అతను రోడ్డు దాటుతుంటే చూశాను’ అనేది ‘ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్’. ఇక్కడ పార్టిసిపుల్‌కు కర్త ‘హిమ్’, అంటే ప్రధాన క్రియ కర్మ. ‘క్రాసింగ్’ చోట ‘క్రాస్’ పెడితే అర్థం మారుతుంది. ‘క్రాసింగ్’ అంటే దాటుతూ ఉండగా చూశాను, అవతలికి చేరాడో లేదో చెప్పడం లేదు. ‘క్రాస్’ అంటే ఈ చివర నుంచి ఆ చివరికి దాటడం మొత్తం చూశాను. సాక్ష్యం చెప్పేవాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు.

పదో తరగతి వాక్య మార్పిడిలో ఇంకొకటి తరచూ తప్పుతుంది. ‘బీయింగ్ ఎ హాలిడే, ద బ్యాంక్ వాజ్ క్లోజ్డ్’. బ్యాంకు సెలవు కాదు, ఆ రోజు సెలవు. ‘ఇట్ బీయింగ్ ఎ హాలిడే’ అని పార్టిసిపుల్‌కు సొంత కర్తను ఇవ్వాలి. ఇలా కర్తను వెంట తెచ్చుకునే నిర్మాణాన్ని అబ్సల్యూట్ అంటారు. ‘వెదర్ పర్మిటింగ్’, ‘ద సన్ హ్యావింగ్ సెట్’ ఈ కోవవే. మామూలు సంభాషణలో ‘బికాజ్’ పెట్టి చెప్పడమే బాగుంటుంది, అబ్సల్యూట్ రాతకు చెందినది.

కర్త లేకున్నా తప్పు పట్టని పార్టిసిపుల్స్ కొన్ని ఉన్నాయి. కన్సిడరింగ్, రిగార్డింగ్, కన్సర్నింగ్, జనరల్లీ స్పీకింగ్, జడ్జింగ్ ఫ్రమ్ లాంటివి ఎవరి పనినీ చెప్పవు. వాడుకలో అరిగి ఇంచుమించు విభక్తులైపోయాయి. ప్రయోగ నివేదికల్లో ‘యూజింగ్ ఎ మైక్రోస్కోప్, ద సెల్స్ వర్ కౌంటెడ్’ లాంటివీ విరివిగా కనబడతాయి. అర్థం కాకపోవడమంటూ లేదు గానీ, సూక్ష్మదర్శిని వాడింది కణాలు కావు. ‘ద సెల్స్ వర్ కౌంటెడ్ అండర్ ఎ మైక్రోస్కోప్’ అంటే చిక్కే ఉండదు.

నామవాచకం తర్వాత: తెలుగు స్వేచ్ఛ ఇంగ్లిష్‌కు లేదు

చదివిన, చదువుతున్న, చదివే, చదవని. నామవాచకం ముందు మనకు ఇన్ని రూపాలు. పైగా అవి వాక్యంలో ఎవరినైనా, దేన్నైనా పట్టుకోగలవు. పుస్తకం చదువుతున్న పిల్ల, పిల్ల చదువుతున్న పుస్తకం, పిల్ల చదువుతున్న గది. ఇంగ్లిష్ ప్రెజెంట్ పార్టిసిపుల్ వీటిలో మొదటిదాన్ని మాత్రమే చెప్పగలదు, అంటే పని చేసేవాళ్ళను మాత్రమే. ‘ద గర్ల్ రీడింగ్ ఎ బుక్’ సరే. పిల్ల చదువుతున్న పుస్తకం ‘ద బుక్ ద గర్ల్ ఈజ్ రీడింగ్’ కావాలి. ‘ద రీడింగ్ బుక్’ అంటే చదువుకు వాడే పుస్తకమనే అర్థం. ఉతుకుతున్న బట్టలు ‘వాషింగ్ క్లోత్స్’ కావు, ‘ద క్లోత్స్ బీయింగ్ వాష్డ్’.

ముగిసిపోయిన ఒక్కసారి పనికీ ఇది పనికిరాదు. నిన్న బహుమతి గెలిచిన మనిషిని ‘ద మ్యాన్ విన్నింగ్ ద ప్రైజ్ యెస్టర్డే’ అని పరిచయం చేయలేం, ‘హూ వన్’ అనాలి. ఇక్కడ తెలుగులో ‘గెలిచిన’ లాంటి రూపం ఉంటే ‘హూ’, ‘గెలుస్తున్న’ లేదా ‘గెలిచే’ లాంటి రూపం ఉంటే పార్టిసిపుల్ అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఒక్క కామా ఎంత పని చేస్తుందో కూడా ఇక్కడే చూడాలి. ‘ఐ మెట్ రవి కమింగ్ అవుట్ ఆఫ్ ద బ్యాంక్’ అంటే బ్యాంకులోంచి వస్తున్న రవిని కలిశాను. ‘కమింగ్’ ముందు కామా పెడితే బ్యాంకులోంచి వస్తూ నేను రవిని కలిశాను అనే అర్థం వైపు మొగ్గుతుంది. తెలుగు ‘తున్న’, ‘తూ’ అనే రెండు రూపాలతో చేసిన పనిని ఇంగ్లిష్ కామాకు, స్థానానికి అప్పగించింది. అనుమానం మిగలకూడదంటే ‘కమింగ్ అవుట్ ఆఫ్ ద బ్యాంక్, ఐ మెట్ రవి’ అని ముందుకు తేవాలి.

పార్టిసిపుల్‌ను కాదనాలంటే ‘నాట్’ దాని ముందు రావాలి: ‘నాట్ నోయింగ్ ద అడ్రస్’, ‘నాట్ హ్యావింగ్ స్లెప్ట్’. తర్వాత పెట్టకూడదు, ‘డోంట్’ అసలే రాదు.

చివరిగా మన లీవ్ లెటర్ల సంగతి. ‘థాంకింగ్ యు’ అని రాసి, కిందికి దిగి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అంటాం. ఇది పాత వలస కాలపు ఉత్తరాల పద్ధతి నుంచి మిగిలింది. అప్పట్లో ‘థాంకింగ్ యు, ఐ రిమైన్, సర్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని ఒకే వాక్యంగా నడిచేది, పార్టిసిపుల్‌కు ‘ఐ’ అనే కర్త, ‘రిమైన్’ అనే క్రియ ఉండేవి. ఆ రెండూ రాలిపోయి, పార్టిసిపుల్ ఒక్కటే మిగిలింది. ‘అవెయిటింగ్ యువర్ రిప్లై’, ‘హోపింగ్ టు హియర్ ఫ్రమ్ యు’ కూడా ఇలా ఒంటరిగా మిగిలినవే. ఇప్పటి ఉద్యోగ దరఖాస్తుల్లో ‘థాంక్ యు ఫర్ యువర్ టైమ్’, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అని పూర్తి వాక్యాలు రాయడం మంచిది. ఈ రెండో వాక్యంలోని ‘హియరింగ్’ జెరండ్. అక్కడి ‘టు’ విభక్తి (ప్రిపోజిషన్) కనుక దాని తర్వాత ‘హియర్’ అని రాస్తే తప్పవుతుంది.